హిమాలయ మార్మాట్: పేరు, ఊరు, హద్దులు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం తరఫున లడఖ్ యాత్రకు పేర్లిచ్చినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఊపిరి ఆడకపోతే ఏం చేయాలి, ఉన్ని బట్టలు ఎన్ని పెట్టుకోవాలి అనే సంగతులు డాక్టరుగారు చెబుతారు. నేను ఒక జంతువును గురించి చెబుతాను. మీలో చాలామంది దాన్ని చూసే వస్తారు. దాని పేరు మార్మాట్. లడఖీలు ఫియా అంటారు. మన తెలుగు దేశంలో ఆ జంతువు లేదు కాబట్టి మనకు దానికి పేరూ లేదు. చూడటానికి బాగా బలిసిన పిల్లి అంత ఉంటుంది. బరువు నాలుగు కిలోల నుంచి తొమ్మిది కిలోల దాకా తూగుతుంది. బొరియ వాకిట్లో వెనక కాళ్ల మీద నిలబడి, ముందు చేతులు పొట్ట మీద పెట్టుకుని, మన పాత కచేరీ బిళ్ల బంట్రోతులా దారి వంక చూస్తూ ఉంటుంది. అనుమానం వస్తే ఈల వేస్తుంది. ఆ ఈలకు చుట్టుపక్కల ఉన్నవన్నీ బొరియల్లో దూరిపోతాయి. చాలామంది పెద్ద ఎలుక అనుకుంటారు గానీ, ఇది ఉడుతల కుటుంబంలోది. రామాయణ కాలం నుంచీ మనకు తెలిసిన ఉడుతకు చలిదేశపు పెద్ద బంధువు అనుకోండి.

జంతుశాస్త్రం నేను కాలేజీలో చదివినవాణ్ణి కాను. ముప్ఫై నాలుగేళ్లు రెవెన్యూ శాఖలో అడంగళ్లు, ఎఫ్.ఎమ్.బి. పుస్తకాలతో గడిపినవాణ్ణి. మా అల్లుడు లేహ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో, 2017లోనూ 2018లోనూ వేసవులు అక్కడ ఉన్నాను. అప్పుడు ఈ జంతువును గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఇది మన శాఖ వ్యవహారమే కదా అనిపించింది. ఒకే ఆసామి నాలుగు పేర్లతో రికార్డుల్లో ఉండటం, పక్కపక్కనే ఉన్న ఇద్దరు ఆసాములను ఒకే ఖాతాలో రాసేయడం, హద్దులు తేలకపోవడం, ఇవన్నీ ఇందులోనూ ఉన్నాయి. అందుకే ధైర్యం చేసి మాట్లాడుతున్నాను.

మొదట పేరు సంగతి. జంతువులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ 1758లో ఆల్ప్స్ పర్వతాల మార్మాట్‌ను ఎలుకల లెక్కలో వేసి ‘మస్ మార్మోటా’ అన్నాడు. తర్వాత 1779లో బ్లూమెన్‌బాఖ్ అనే జర్మన్ పండితుడు వీటన్నిటికీ ‘మార్మోటా’ అని విడిగా ఒక ప్రజాతిని ఏర్పరిచాడు. ఆ వెంటనే మరొకరు ‘ఆర్క్టోమిస్’ అన్నారు. గ్రీకులో దానికి ఎలుగుబంటి-ఎలుక అని అర్థం. పేరైతే బాగుంది. కానీ ఈ శాస్త్రంలో నియమం ఏమిటంటే, ముందు ప్రచురించిన పేరే చెల్లుతుంది. ముందు రిజిస్టరైన దస్తావేజుకే బలం అన్నట్టు. కాబట్టి మార్మోటా నిలిచింది, ఆర్క్టోమిస్ కొట్టివేతలో పోయింది. అయినా పంతొమ్మిదో శతాబ్దపు పుస్తకాలనిండా ఆ కొట్టివేసిన పేరే కనబడుతుంది.

మన హిమాలయ మార్మాట్‌కు పేరు పెట్టినవాడు బ్రయాన్ హాటన్ హాడ్జ్‌సన్. ఈస్టిండియా కంపెనీ తరఫున కాఠ్మండులో రెసిడెంటుగా ఉండేవాడు. నేపాల్ దర్బారు విదేశీయులను స్వేచ్ఛగా తిరగనిచ్చేది కాదు. అందుచేత ఆయన స్థానికులైన వేటగాళ్లకు జీతాలిచ్చి జంతువులను తెప్పించుకున్నాడు, నేపాలీ చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. ఆ విధంగా 1841లో ‘హిమాలయానస్’ అనే పేరు ప్రకటించాడు. రెండేళ్లు తిరక్కుండా 1843లో తానే ‘హేమాచలానస్’ అని ఇంకో పేరూ పెట్టాడు. 1847లో గ్రే అనే ఆయన ‘టిబెటానస్’ అన్నాడు. చైనా వైపు నుంచి వచ్చిన నమూనాలను చూసిన ఫ్రెంచివారు ‘రోబుస్టా’ అన్నారు. ఒక ఖాతాదారుకు నాలుగు పేర్లు! అన్నిటికంటె ముందుది 1841 నాటిది కనుక, ఇవాళ చెల్లుబాటయ్యే పేరు ‘మార్మోటా హిమాలయానా’. చైనా వైపుదాన్ని ఉపజాతిగా మాత్రం ‘రోబుస్టా’ అని ఉంచుకున్నారు.

ఇక్కడ మన నెల్లూరు సంగతి ఒకటి ఉంది. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ దొరను మీరు ఎరుగుదురు. కలివి కోడి ఇంగ్లీషు పేరులో ఉన్న జెర్డన్ ఆయనే. పెన్న చుట్టుపక్కల పక్షుల వివరాలు అంత శ్రద్ధగా రాసిన ఆయన, 1867లో భారతదేశపు క్షీరదాల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. అందులో టిబెట్ మార్మాట్‌ను ‘బోబాక్’ అనే జాతి కింద రాశాడు. అసలు బోబాక్ అనేది ఉక్రెయిన్, దక్షిణ రష్యా, కజాఖ్‌స్తాన్‌ల గడ్డి మైదానాల్లో ఉండే జంతువు. పర్వతాల మీద ఉండేదాన్ని మైదానపుదాని ఖాతాలో కలిపారన్నమాట. ఇందులో జెర్డన్‌ను తప్పుపట్టడానికేమీ లేదు. ఆ కాలంలో కలకత్తా మ్యూజియానికి చేరిన చర్మాలు, పుర్రెలు తప్ప పోల్చి చూడటానికి ఏముంది గనక? విచిత్రం ఏమిటంటే, ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కూడా పెద్దపెద్ద పండితులు ఆ ఉమ్మడి ఖాతానే ఖాయం చేశారు. హిమాలయ మార్మాట్ స్వతంత్ర జాతి కాదు, బోబాక్‌లో ఒక ఉపజాతి అన్నారు. ఈ మాట మనసులో ఉంచుకోండి, తర్వాత చట్టం దగ్గర పనికివస్తుంది.

ఇక రెండో ఆసామి. లడఖ్‌లో రెండు జాతుల మార్మాట్‌లు ఉన్నాయి. రెండో దాని పేరు ‘మార్మోటా కాడేటా’, అంటే తోక ఉన్నది అని. పొడుగు తోక మార్మాట్ అనుకుందాం. విక్టర్ జాక్‌మాఁ అనే ఫ్రెంచి యువకుడు కాశ్మీరు తిరిగి, 1832లో బొంబాయిలో చనిపోయాడు. అతని యాత్రల ఫలితాలను పారిస్‌లో అచ్చువేసినప్పుడు, 1844లో, జఫ్రా సెంటిలేర్ దీనికి ఈ పేరు పెట్టాడు. తర్వాత బంగారు రంగు దానికి బ్లాన్‌ఫర్డ్ 1875లో ‘ఆరియస్’ అని పేరు పెట్టాడు. దానికి నమూనాలు సేకరించినవాడు ఫెర్డినాండ్ స్టోలిచ్‌కా. ఇతను జియలాజికల్ సర్వేలో ఉద్యోగి. యార్కండ్ నుంచి తిరిగివస్తూ 1874 జూన్‌లో లడఖ్ ఎత్తుల్లో, డ్యూటీలో ఉండగానే కన్నుమూశాడు. లేహ్‌లో ఆయన సమాధి ఉంది. మీరు వెళ్లినప్పుడు వీలుంటే చూడండి. సర్వీసులో ప్రాణం విడిచిన ఉద్యోగి సమాధి దగ్గర మనం రెండు నిమిషాలు నిలబడితే బాగుంటుంది.

ఈ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? తోక చూడాలి. హిమాలయ మార్మాట్ తోక పొట్టిది, పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్లు, శరీరంలో నాలుగో వంతు ఉంటుందేమో. రెండోదాని తోక పద్దెనిమిది నుంచి ఇరవై ఏడు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, పరుగెత్తేటప్పుడు వెనక కుచ్చులా ఊగుతూ కనబడుతుంది. రంగు కూడా ఎర్రటి పసుపు. హిమాలయ మార్మాట్ ఒళ్లు మట్టి రంగులో ఉండి, మూతి మీద నలుపు ఉంటుంది. అయితే రంగును బట్టి తీర్పు చెప్పకండి. ఎండకు, వయసుకు, బొచ్చు రాలే కాలానికి రంగు మారుతుంది. పాతకాలపు తగాదాలు చాలావరకు రంగు దగ్గర మొదలైనవే. తోకను నమ్ముకోవచ్చు.

పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఇవి రెండూ అన్నదమ్ములనుకుంటాం. కావు. జన్యువులను పోల్చి చూసినవారు 1999లో తేల్చిందేమిటంటే, ఈ ప్రజాతి అసలు పుట్టిల్లు ఉత్తర అమెరికా. మంచుయుగాల్లో సముద్రమట్టం తగ్గి, ఇప్పుడు బేరింగ్ జలసంధి ఉన్నచోట నేల బయటపడినప్పుడు, ఆ దారిన ఆసియాకు వచ్చాయి. అక్కడి నుంచి శాఖలు విడిపోయాయి. హిమాలయ మార్మాట్ జన్యుపటం మొత్తాన్ని 2019లో ప్రచురించారు. దానికి దగ్గర బంధువు మంగోలియా మార్మాట్ అనీ, అవి రెండూ విడిపోయి దాదాపు ఇరవై లక్షల ఏళ్లయిందనీ లెక్కకట్టారు. పొడుగు తోకదానికి దగ్గర చుట్టం ఎక్కడో తియాన్‌షాన్ పర్వతాల పడమటి కొసన ఉండే మరో జాతి. కాబట్టి లడఖ్‌లో ఇవి ఇరుగుపొరుగే గానీ ఒక గర్భవాసాన పుట్టినవి కావు. ఇప్పుడు మొత్తం పదిహేను జాతులని లెక్క. పిల్లల దగ్గరికి న్యూజెర్సీ వెళ్లి వచ్చినవారు, పెరట్లో వేసుకున్న కూరగాయ మొక్కలను గ్రౌండ్‌హాగ్ తినేసిందని చెబుతూ ఉంటారు. అది కూడా ఈ పదిహేనింటిలో ఒకటే. అది మాత్రం కొండ ఎక్కకుండా పల్లంలో స్థిరపడింది.

ఇక ఊరు. హిమాలయ మార్మాట్ నివాసం చాలావరకు 3,500 నుంచి 5,200 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మన తిరుమల కొండకు మూడు రెట్లు కాదు, నాలుగు రెట్లు దాటిపోయిన ఎత్తు. టిబెట్ పీఠభూమి మొత్తం, దాని అంచులైన చింగ్‌హై, గాన్సు, సిచువాన్, యునాన్ ఎగువ ప్రాంతాలు, ఇటు నేపాల్, భూటాన్, మన దేశంలో తూర్పు లడఖ్, స్పితి, ఉత్తరాఖండ్ ఎగువ లోయలు, సిక్కిం ఉత్తర పీఠభూమి. పొడుగు తోకది పడమటి వైపు ఆసామి. కాశ్మీరు, ద్రాస్, కార్గిల్, సురు లోయ, జన్‌స్కార్, అక్కడి నుంచి దేవసాయి మైదానం, ఆఫ్ఘనిస్తాన్, తజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్. శ్రీనగర్ నుంచి రోడ్డు మీద లేహ్ వెళ్లేవారికి ముందు పొడుగు తోకది కనబడవచ్చు. లేహ్ దాటి పాంగాంగ్ సరస్సు వైపు, చాంగ్‌థాంగ్ వైపు వెళ్తే పొట్టి తోకది. రెండు జాతుల హద్దు లడఖ్ మధ్యగా పోతుంది. హద్దురాళ్లు పాతి లేవు సుమండీ!

మ్యాపులో రంగు వేస్తే ఈ ప్రాంతమంతా ఒకే ముక్కలా కనబడుతుంది. నేల మీద అలా లేదు. ఈ జంతువుకు మూడు కావాలి. వేసవిలో నాలుగైదు నెలలు పచ్చగడ్డి, లోతుగా తవ్వడానికి మెత్తని మట్టి, నలువైపులా కనబడే మైదానం. చలికాలం ఆరు నెలలకు పైగా కుటుంబమంతా ఒకే బొరియలో, వాకిలిని మట్టితో రాళ్లతో మూసుకుని నిద్రపోతుంది. మనం లైఫ్ సర్టిఫికెట్ల కోసం తిరిగే రోజుల్లో దానికి గాఢనిద్ర. గుండె కొట్టుకోవడం బాగా నెమ్మదిస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఆ ఆరు నెలలకూ వేసవిలో పెంచుకున్న కొవ్వే పెన్షను. పైన కురిసిన మంచు దుప్పటిలా కప్పి ఉంటే లోపల మరీ గడ్డకట్టకుండా ఉంటుంది. రాతినేలలో బొరియ దిగదు, అడవిలో శత్రువు కనబడదు, వేడి లోయలోకి దిగితే బతకలేదు. అందుచేత ప్రతి పచ్చిక బయలూ ఒక దీవి. ఒక దీవిలో అంతరిస్తే పక్కదీవి నుంచి వచ్చి చేరడం తేలిక కాదు.

వాతావరణం వేడెక్కుతున్నదని మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. మంచుయుగాల్లో ఆల్ప్స్ మార్మాట్ ఐరోపా పల్లపు నేలల్లో కూడా ఉండేది. వేడి పెరిగిన కొద్దీ కొండెక్కింది. కొండ చివర దాకా ఎక్కినవాడికి ఇంకా పైకి పోవడానికి నేల ఉండదు. ఇప్పటికైతే మన రెండు జాతులకూ ప్రమాదం లేదనే అంతర్జాతీయ జాబితాలో ఉంది. కెనడాలో వాంకూవర్ దీవి మీద మాత్రమే ఉండే మార్మాట్ సంగతి వేరు. 2003 నాటికి అడవిలో ముప్ఫై కూడా మిగల్లేదు. జంతుప్రదర్శనశాలల్లో పెంచి, మళ్లీ కొండల మీద వదిలి, దాన్ని నిలబెట్టారు. దానికి ప్రత్యేక జాతిగా పేరు ఉండబట్టే అంత ఖర్చు, అంత శ్రద్ధ.

కాస్త పురాణకాలక్షేపం కూడా చేద్దాం. మహాభారతం సభాపర్వంలో రాజసూయానికి వచ్చిన కానుకలను దుర్యోధనుడు వర్ణించే ఘట్టం ఉంది. అందులో ఉత్తరపు కొండజాతులవారు పిపీలక స్వర్ణం తెచ్చారని వస్తుంది. అంటే చీమలు తవ్వి తీసిన బంగారం. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడూ అదే చెప్పాడు. ఉత్తర భారతంలో కుక్క కంటె చిన్నవి, నక్క కంటె పెద్దవి అయిన చీమలు ఇసుక తవ్వితే బంగారం బయటపడుతుందన్నాడు. నక్కంత చీమ ఏమిటని రెండువేల ఏళ్లు లోకం నవ్వింది. మిషెల్ పెసెల్ అనే ఫ్రెంచి యాత్రికుడు 1984లో ఒక పుస్తకం ప్రచురించి, సింధునది ఎగువన ఉండే మినారోలు తమ పూర్వులు మార్మాట్ బొరియల దగ్గరి మట్టిలో బంగారు రజను ఏరేవారని తనతో చెప్పారని రాశాడు. అక్కడిది పొడుగు తోకదే, బంగారు వన్నెది. పర్షియన్ భాషలో మార్మాట్ పేరు ‘కొండ చీమ’ అనే అర్థంలో ఉండేదని, దాన్ని గ్రీకువాడు ఉన్నదున్నట్టు తీసుకున్నాడని ఆయన వాదం. అందరూ ఒప్పుకోలేదు. ఆ చీమలు ఒంటెలను తరిమేవన్న హెరొడోటస్ మాటకు మార్మాట్ ఎంతమాత్రం సరిపోదు. అయినా నాకు ఆ వాదం నచ్చింది. పేరు మారితే జంతువే మారిపోతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో షెడ్యూలులో మార్మాట్ పేరు చేరింది. ఎలా చేరింది? ‘మార్మోటా బోబాక్ హిమాలయానా’ అని. అంటే శాస్త్రజ్ఞులు విడదీసిన ఖాతాను చట్టం మాత్రం ఉమ్మడిగానే రాసుకుంది. సర్వే నంబరులో ఒక అంకె తప్పుపడితే కోర్టులో ఎన్నేళ్లు నడుస్తుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. పైగా ఇంకో చిత్రం ఉంది. ఆ చట్టం జమ్మూ కాశ్మీరుకు వర్తించేది కాదు, అక్కడ 1978 నాటి వేరే చట్టం ఉండేది. లడఖ్ అప్పుడు అందులో భాగం. మన దేశంలో ఈ జంతువుకు ముఖ్యమైన ఇల్లు ఎక్కడో, అక్కడ కేంద్ర చట్టం లేదు. 2019 అక్టోబరు 31న లడఖ్ కేంద్రపాలిత ప్రాంతమైనప్పుడు కేంద్ర చట్టం అక్కడికి చేరింది. 2022లో చట్టాన్ని సవరించి జాబితాలన్నిటినీ తిరగరాశారు.

కాగితం మీద పేరుకు ఏమి బలం ఉంటుందో మన జిల్లాలవారికి తెలుసు. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివి కోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దానికంటూ ఒక పేరు, ఒక ఉనికి ఉండబట్టే తెలుగుగంగ కాలువ దారినే మార్చాలని నిర్ణయించారు. మామూలు పిట్ట అని వదిలేసి ఉంటే కాలువ తిన్నగా దాని మీదుగానే పోయేది.

చివరగా, వెళ్లేవారికి రెండు విన్నపాలు. పాంగాంగ్ దారిలో మార్మాట్‌లు కనబడేచోట టూరిస్టు కార్లు వరసగా ఆగుతాయి. బిస్కెట్లు, చిప్స్ చేతిలో పెట్టి తినిపిస్తారు, పక్కన కూర్చుని ఫోటోలు తీయించుకుంటారు. నేనున్న రోజుల్లో అవి మనిషి ఒళ్లోకి ఎక్కేంత చనువు చేసుకున్నాయి. ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ గడ్డి తిని కొవ్వు కట్టవలసిన కడుపుకు ఉప్పూ చక్కెరా పెడితే, ఆరు నెలల నిద్రకు అది ఎలా సిద్ధమవుతుంది? మనిషి అంటే భయం పోయిన జంతువుకు కుక్క అన్నా, కారు చక్రమన్నా కూడా భయం తగ్గుతుంది. లడఖ్‌లో వీధికుక్కల బెడద ఎంతో మీరే చూస్తారు.

రెండోది మన క్షేమం కోసం. టిబెట్ పీఠభూమి మీద హిమాలయ మార్మాట్ ప్లేగుకు ముఖ్యమైన ఆశ్రయం. 2014లో చైనాలోని గాన్సు రాష్ట్రంలో, చచ్చిన మార్మాట్‌ను ముట్టుకున్న ఒక మనిషి ప్లేగుతో చనిపోతే, యూమెన్ అనే పట్టణంలోని కొన్ని భాగాలను మూసివేసి, నూట యాభై మందికి పైగా విడిగా ఉంచారు. 1910-11లో మంచూరియాలో సుమారు అరవైవేల మంది ప్రాణం తీసిన ప్లేగు కూడా దీని దగ్గర బంధువైన మంగోలియా మార్మాట్ బొచ్చు వ్యాపారంతో మొదలైనదే. భయపెట్టడానికి చెప్పడం లేదు. దూరాన ఉండి చూడండి, జబ్బుగా ఉన్నదాన్నీ చచ్చినదాన్నీ ముట్టుకోకండి, మనవళ్లను ముట్టుకోనివ్వకండి. అంతే.

ఒక చిన్న నోటుపుస్తకం వెంట తీసుకువెళ్లండి. ఎక్కడ చూశారు, ఏ తేదీన, ఎన్ని ఉన్నాయి, ఎంత ఎత్తులో అన్నవి రాసుకోండి. ఎత్తు రోడ్డు పక్క బోర్డుల మీద ఉంటుంది. తిరిగి వచ్చాక అవన్నీ కలిపి మన పత్రికలో వేద్దాం, కార్యదర్శిగారు చోటిస్తామన్నారు. తోక పొడుగో పొట్టో రాయడం మాత్రం మరిచిపోకండి.